ముందు లెక్క, తరువాత ఫత్వా

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ ఏది అని అడిగితే మన సోదరుల్లో చాలామంది తడుముకుంటారు. నమాజు గురించినదని కొందరు, స్వర్గనరకాల గురించినదని కొందరు ఊహిస్తారు. నిజానికి అది అప్పు గురించిన ఆయత్ (అల్ బఖరా : 282). గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దాన్ని రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, సాక్షుల్ని పెట్టుకోవాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకూడదనీ అల్లాహ్ అందులో ఆదేశించాడు. ఆ ఆయత్‌లో ఇంకొక మాట ఉంది. దాని మీద మన దృష్టి అంతగా నిలవదు. పత్రం ఎలా రాయాలో చెప్పవలసినవాడు అప్పు ఇచ్చేవాడు కాదు, అప్పు తీసుకునేవాడు. తాను ఎంత బాకీపడుతున్నాడో అతనే తన నోటితో చెప్పి రాయించాలి. అంటే తన బాకీ ఏమిటో అతనికి క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత ప్రతి సంవత్సరం మా దగ్గరకు వచ్చే ప్రశ్న ఒకటుంది. పిల్లవాణ్ణి బీబీఏలోనో, మరో బిజినెస్ కోర్సులోనో చేర్చాలి, డబ్బు లేదు, వడ్డీ అప్పు తీసుకోవచ్చునా అన్నది ఆ ప్రశ్న. ఈ ఏడాది కూడా నల్గొండ వైపు నుంచి ఒక సోదరుడు కొడుకును వెంటబెట్టుకుని అసర్ నమాజు తరువాత వచ్చారు. ఆయనకు బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. కుర్రవాడి చేతిలో హైదరాబాదు శివార్లలోని ఒక ప్రైవేటు విద్యాసంస్థ అచ్చువేసిన రంగుల పుస్తకం. తండ్రి జేబులో ఒక ఫైనాన్సు కంపెనీ వారి దరఖాస్తు, అదంతా ఇంగ్లీషులో. సంతకం పెట్టవలసిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తులు వేసి ఇచ్చారట.

"మౌల్వీసాబ్, ఇది జరూరత్ కింద వస్తుందా రాదా, అది ఒక్కటి చెప్పండి. వస్తుందంటే రేపే సంతకం పెట్టేస్తాను" అన్నారాయన.

ఇటువంటి చోట సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. సూద్ హరామ్, ఇక మాట్లాడవద్దు అనేది ఒకటి. ఈ కాలంలో చదువు లేకపోతే బ్రతుకు లేదు, కాబట్టి ఇది జరూరత్, కానివ్వండి అనేది రెండవది. మొదటి జవాబు ధర్మం రీత్యా సరైనదే. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడు (అల్ బఖరా : 275). వడ్డీ తినేవాణ్ణే కాక ఇచ్చేవాణ్ణి, ఆ పత్రం రాసేవాణ్ణి, సాక్షుల్ని కూడా దైవప్రవక్త (సఅసం) శపించారని సహీహ్ ముస్లింలో ఉంది. కాని ఆ జవాబు విన్న తండ్రి తలవంచుకుని వెళ్ళిపోయి, ఇంకొక మౌల్వీసాబ్‌ను వెతుక్కుంటాడు. రెండవ జవాబు చెప్పేవారు ఆ తండ్రి కన్నీళ్ళు చూసి చెబుతారు, వారి ఉద్దేశాన్ని మేము శంకించము. అయితే ఈ ఇద్దరూ ఒక పని చేయలేదు. జరూరత్ అనేది ఒక వాస్తవం. అది ఉందా లేదా అన్నది కితాబులో కనబడదు, ఆ ఇంటి లెక్కలో కనబడుతుంది. లెక్క చూడకుండా జరూరత్ అని చెప్పే ముఫ్తీ, నాడి పట్టకుండా మందు రాసే హకీమ్ వంటివాడు.

అందుచేత మేము ఆ సోదరుణ్ణి ఎదురు ప్రశ్న వేశాము. "భాయ్, ఆరు లక్షలు తీసుకుంటున్నారు కదా, మొత్తం ఎంత కడతారు?" ఆయనకు తెలియదు. కుర్రవాడికీ తెలియదు. "నెలకు ఏదో పదివేల చిల్లర అన్నారు" అన్నాడు కుర్రవాడు. బాకీపడేవాడే తన బాకీని నోటితో చెప్పాలన్న ఆయత్ మాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

కాగితం తీసి లెక్క వేశాము. పాఠకులు కూడా తమ ఇంట్లో ఇలా వేసుకోవచ్చు. ఏడాదికి రెండు లక్షల చొప్పున మూడేళ్ళకు ఆరు లక్షలు. వడ్డీ నూటికి ఏడాదికి 12. చదివే మూడేళ్ళు, ఆ తరువాత ఉద్యోగం వెతుక్కునేందుకు ఒక ఏడాది, మొత్తం నాలుగేళ్ళు కట్టనక్కరలేదు. కట్టనక్కరలేదంటే వడ్డీ పడదని కాదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. మొదటి రెండు లక్షల మీద నాలుగేళ్ళు, రెండవ దాని మీద మూడేళ్ళు, మూడవ దాని మీద రెండేళ్ళు వడ్డీ నడుస్తుంది. వడ్డీ మీద వడ్డీ వేయకపోయినా అది 2 లక్షల 16 వేలు అవుతుంది. అంటే మొదటి కిస్తు కట్టే నాటికే బాకీ 8 లక్షల 16 వేలు. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 11,700 రూపాయలు కట్టాలి. పదేళ్ళకు కలిపితే 14 లక్షలు దాటుతుంది. తీసుకున్నది ఆరు.

ఇక రెండవ వైపు. బీబీఏ పూర్తిచేసి, పై చదువు లేకుండా, అనుభవం లేకుండా హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి పద్ధెనిమిది వేల జీతం వస్తుందని అనుకుందాం. గది అద్దెలో వాటా, తిండి, బస్సు ఖర్చు కలిపి తొమ్మిది వేలకు తక్కువలో గడవదు. మిగిలేది తొమ్మిది వేలు. కిస్తు 11,700. తక్కువపడిన 2,700 ఎవరు కట్టాలి? వైండింగ్ దుకాణమే కట్టాలి. కుర్రవాడు ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా, జబ్బు పడకుండా, ఉద్యోగం పోకుండా ఉన్నా కూడా ఇదీ సంగతి.

కుర్రవాడు పుస్తకం తెరిచి, అక్కడ చదివిన వారిలో ఒకరికి వచ్చిన పెద్ద జీతం చూపించాడు. ఫొటో కూడా ఉంది. మేము అడిగాము, "బేటా, ఆ ఏడాది ఎంతమంది చదివారు? మిగతావారి జీతాలు ఏ పేజీలో ఉన్నాయి?" ఆ పేజీ లేదు. పదిమందిలో అందరికన్నా పొడుగువాణ్ణి చూసి పదిమందికీ అదే కొలతతో చొక్కాలు కుట్టించే దర్జీ ఎవడైనా ఉంటాడా? జీతం ఎంత అని అడిగేటప్పుడు మధ్యలో నిలబడ్డవాడి జీతం అడగాలి. ఉద్యోగం రానివారు ఎందరో అడగాలి. వీలైతే రెండేళ్ళ క్రితం అక్కడ చదివి బయటికి వచ్చిన నలుగుర్ని స్వయంగా కలవాలి. రైతుకు మోటారు బాగుచేసి పంట మీద అప్పు పెట్టే ముందు అతని పొలం ఎంతో, నీళ్ళు ఉన్నాయో లేదో ఈ సోదరుడు విచారిస్తాడు. అయిదువేల అప్పు విషయంలో చేసే విచారణ పద్నాలుగు లక్షల అప్పు విషయంలో చేయకపోవడం మాకు వింతగా తోచింది. ఆ మాటే అంటే ఆయన నవ్వారు, కాని నొచ్చుకున్నారు కూడా.

"రిజ్క్ అల్లాహ్ చేతిలో ఉంది కదా మౌల్వీసాబ్" అన్నారు కొంతసేపటికి. నిస్సందేహంగా ఉంది. ఉపాధి ప్రసాదించేది ఆయనే. కాని మా కొడుకు ఫలానా నెల నుంచి పద్ధెనిమిది వేలు సంపాదిస్తాడని అల్లాహ్ వాగ్దానం చేయలేదు. ఫలానా తేదీన 11,700 కడతామని వాగ్దానం చేసింది మనం. అల్లాహ్ మీద భరోసా పేరుతో మనుషులకు మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టే భారాన్ని అల్లాహ్ మీద వేయడం తవక్కుల్ కాదు. దైవప్రవక్త (సఅసం) నమాజులో అప్పు నుంచి ఎంతో తరచుగా శరణు వేడుకునేవారు. అంతగా ఎందుకు వేడుకుంటున్నారని ఒకరు అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు అని కారణం చెప్పారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. గమనించండి, పేదరికం వస్తుందని కాదు, అబద్ధం వస్తుందని చెప్పారు. కిస్తు తప్పిన ఇళ్ళలో ఫోను మోగినప్పుడు చూడండి. అబ్బా ఇంట్లో లేరని చెప్పమని ఏడేళ్ళ పిల్లవాడికి నేర్పుతారు. ఆ పిల్లవాడు ఉదయం మక్తబ్‌లో సత్యసంధత గురించి పాఠం చదివి వచ్చినవాడే.

అప్పు చేయడమే పాపం అని మేము అనడం లేదు. దైవప్రవక్త (సఅసం) పరమపదించే నాటికి ఆయన కవచం యవల కోసం ఒక యూదుని దగ్గర తాకట్టులో ఉంది. సహాబాల్లో భారీగా అప్పులున్నవారూ ఉన్నారు. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) హిజ్రీ 36లో జమల్ యుద్ధం నాడు షహీద్ అయినప్పుడు ఆయన మీద 22 లక్షల బాకీ ఉంది. ప్రజలు తమ సొమ్ము అమానత్‌గా దాచమని తెస్తే, పోతే మీకు నష్టమని చెప్పి దాన్ని అప్పుగా రాసుకునేవారు. అలా పేరుకున్న బాకీ అది. కాని ఆయన వెనుక గాబా భూమి ఉంది, మదీనాలో ఇళ్ళు ఉన్నాయి, బస్రా, కూఫా, ఈజిప్టులో ఇళ్ళు ఉన్నాయి. లక్షా డెబ్బై వేలకు కొన్న గాబా పదహారు లక్షలకు అమ్ముడుపోయింది. అప్పు తీరిన తరువాత కూడా కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) వెంటనే ఆస్తి పంచలేదు. బాకీ రావలసినవారు ఉంటే రమ్మని నాలుగేళ్ళు హజ్ సమయంలో ప్రకటన చేయించి, ఆ తరువాతే వారసులకు పంచారు. ఆయన అప్పుకు ఎదురుగా భూమి ఉంది. మన కుర్రవాడి అప్పుకు ఎదురుగా ఉన్నది ఒక పుస్తకంలోని ఫొటో. పైగా జుబైర్ (రజి) అప్పులో వడ్డీ లేదు.

ఫైనాన్సు కంపెనీ వారు తండ్రి సంతకంతో పాటు ఇంకొకరి జామీను కూడా అడిగారట. ఈ సోదరుడు తోడల్లుణ్ణి ఒప్పించారు. జామీను ఎంతటి విషయమో ఒక్క సంఘటన చాలు. ఒక జనాజా వచ్చింది, మరణించిన వ్యక్తి మీద మూడు దీనార్ల బాకీ ఉందని, తీర్చేందుకు ఏమీ వదల్లేదని తెలిసి దైవప్రవక్త (సఅసం) మీ సహచరుని నమాజు మీరే చేసుకోండన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ నా మీద అని ముందుకు రాగా నమాజు చేయించారు. మూడు దీనార్లకు ఆ స్థితి. పెళ్ళిలో దావత్‌కు రమ్మన్నంత తేలికగా మనం ఒకరినొకరం జామీనుకు పిలుచుకుంటున్నాము.

ఇక మేము చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాము. మాటల్లో మాటగా పిల్లలెందరని అడిగాము. ఇద్దరు. వీడు చిన్నవాడు. పైన ఒక అమ్మాయి, రెండేళ్ళ క్రితం ఇంటర్ పాసయింది. ఏం చదువుతోంది అంటే, ఇంట్లోనే ఉంది, సంబంధాలు చూస్తున్నామన్నారు. మార్కులు ఎవరికి ఎక్కువ అని అడిగితే తండ్రి జవాబు చెప్పేలోపే కుర్రవాడు "ఆపాకే" అన్నాడు. మంచి పిల్లవాడు.

ఈ అప్పు ఎవరిదో ఇప్పుడు ఆలోచించండి. పత్రం మీద కొడుకుతో పాటు తండ్రి కూడా బాకీదారుడు. రేపు తండ్రికి ఏదైనా అయితే, వారసత్వం పంచే ముందు మరణించినవాని వసీయత్, అప్పు తీర్చాలని అల్లాహ్ ఆదేశించాడు (అన్నిసా : 11). ఆ రెండు గదుల ఇల్లు, ఆ దుకాణం అప్పుకు పోగా మిగిలినది పంచాలి. కూతురి వాటా అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటా. తమ్ముడి చదువు దాన్ని ముందే తినేసి ఉంటుంది. తండ్రి బ్రతికి ఉన్నా, పదేళ్ళ పాటు ఆ ఇంటి నుంచి కిస్తు పోతూ ఉంటుంది. ఆ అమ్మాయి పెళ్ళి, వైద్యం, తల్లి కంటి ఆపరేషన్, అన్నీ ఆ కిస్తు తరువాతే. ఆమెను ఎవరైనా అడిగారా?

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) వృత్తాంతం మన ఖుత్బాలలో తక్కువగా వినబడుతుంది. ఆయన తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చారు. దైవప్రవక్త (సఅసం) సాక్షిగా ఉంటే తప్ప ఒప్పుకోనని తల్లి పట్టుబట్టింది. తండ్రి వెళ్ళి విన్నవించగా, మీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చారా అని ఆయన అడిగారు. లేదన్నారు. అల్లాహ్‌కు భయపడండి, పిల్లల మధ్య న్యాయం చేయండి అని చెప్పారు. తండ్రి ఆ కానుక వెనక్కి తీసుకున్నారు. చదువు ఖర్చుకూ కానుకకూ తేడా ఉందని ఫుఖహా అంటారు, ప్రతి బిడ్డకూ అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టవచ్చు. ఒప్పుకుంటాము. కాని ఎక్కువ మార్కులు వచ్చిన బిడ్డను ఉచితంగా చదివే అవకాశం ఉన్న చోటికి కూడా పంపక ఇంట్లో కూర్చోబెట్టి, తక్కువ వచ్చిన బిడ్డ కోసం ఇల్లంతా పదేళ్ళు బాకీపడటం ఏ అవసరం కిందికి వస్తుందో మాకు అర్థం కాలేదు. జరూరత్ అనే మాటను మనం ఎంత తేలికగా, ఎవరి కోసం మాత్రమే వాడుతున్నామో ఈ ఇంట్లో కనబడింది.

ఇలాంటి లెక్క మన ఊళ్ళకే పరిమితం కాదు. హైదరాబాదు నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన మనవారి పిల్లలు అక్కడ రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ బిజినెస్‌లో చేస్తుంటారు. కమ్యూనిటీ కాలేజీలో చదివితే ఖర్చు తక్కువ, ఆదాయం తక్కువ ఉన్న ఇళ్ళకు తిరిగి కట్టనక్కరలేని పెల్ గ్రాంటు కూడా ఉంది. అక్కడి కార్మిక గణాంకాల శాఖ లెక్క ప్రకారం 2023లో పూర్తికాలం పనిచేసేవారిలో హైస్కూలు చదివినవారి మధ్యస్థ సంపాదన వారానికి 899 డాలర్లు, అసోసియేట్ డిగ్రీ ఉన్నవారిది 1,058 డాలర్లు. చూడగానే డిగ్రీ లాభమే అనిపిస్తుంది. కాని ఆ 1,058లో నర్సులు, వైద్య సాంకేతికులు అందరూ కలిసి ఉన్నారు, అది బిజినెస్ చదివినవాడి జీతం కాదు. ఆ రెండేళ్ళ చదువు నాలుగేళ్ళ డిగ్రీలో కలుస్తుందో లేదో కూడా చేరకముందే అడగాలి, ఉద్యోగానికే ఉద్దేశించిన కోర్సుల్లో కొన్ని పూర్తిగా కలవవు. వడ్డీ అప్పు మాట అక్కడా ఇక్కడా ఒకటే.

బిజినెస్ చదువు పనికిరానిదని ఎవరూ అనుకోవద్దు. మన జాతి వ్యాపారుల జాతి. దీన్‌ను అవగాహన చేసుకున్నవాడే మా బజారులో అమ్మకం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) అన్నట్లు తిర్మిజీలో ఉంది. లెక్కలు రాయడం, జీఎస్టీ దాఖలు చేయడం, ట్యాలీ, ఒప్పంద పత్రం చదవడం తెలియక మన దుకాణదారులు ఎంత నష్టపోతున్నారో మేము రోజూ చూస్తున్నాము. అయితే ఈ విద్య ఆరు లక్షల భవనంలోనే దొరుకుతుందా? నల్గొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల ఉంది. దోస్త్ ద్వారా సీటు తీసుకుంటే బీకాం మూడేళ్ళ ఖర్చు ఆ ప్రైవేటు సంస్థ ఒక్క నెల హాస్టలు ఖర్చును పెద్దగా మించదు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు, కాకపోతే ఆ సొమ్ము ఆలస్యమైతే ప్రైవేటు కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి, అది గుర్తుంచుకోవాలి. పనిచేసుకుంటూ చదివేవారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. కష్టపడగలిగినవాడికి సీఏ ఉంది, ఇంటర్ తరువాత ఫౌండేషన్ రాయవచ్చు, ఆర్టికల్‌షిప్‌లో ఎంతో కొంత స్టైపెండు వస్తుంది. పరీక్ష కఠినం, ఫీజు కాదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఖాళీ చేతులతో మదీనా వచ్చినప్పుడు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానన్నా తీసుకోకుండా బజారు ఎటో చూపమన్నారు. వెన్న, జున్ను అమ్మి మొదలుపెట్టారు. ఈ కుర్రవాడి బజారు ఎక్కడో వెతకనక్కరలేదు, తండ్రి దుకాణంలో రైతుల బాకీలు రాసిన ఖాతా పుస్తకం పదేళ్ళుగా సరిచూసేవాడు లేక పడి ఉంది.

వేరే దారి నిజంగా లేనివారి సంగతి? హనఫీ ఫుఖహాలో ఇబ్ను నుజైమ్ (రహ్మలై) 'అల్ అష్బాహ్ వన్నజాయిర్'లో తీవ్ర అవసరంలో ఉన్నవాడు లాభం చెల్లించి అప్పు తీసుకోవడానికి వెసులుబాటు ఉందని రాశారు. మన కాలపు ఉలమాలో దాన్ని చదువుకు వర్తింపజేసేవారు ఉన్నారు, చేయనివారూ ఉన్నారు. వర్తింపజేసేవారు కూడా అవసరం ఎంతో అంతవరకే అంటారు. అటువంటి స్థితిలో ఉన్నవారు ముఫ్తీ దగ్గరకు వెళ్ళాలి, కాని ఖాళీ చేతులతో కాదు, లెక్క కాగితంతో వెళ్ళాలి. మేము చూసిన బిజినెస్ డిగ్రీ కేసుల్లో లెక్క వేసిన తరువాత జరూరత్ నిలిచినవి దాదాపు లేవు.

ఇంత చెప్పడం మాకు సులభమేనని కూడా ఒప్పుకోవాలి. మేము మదరసాలో చదివాము, మా చదువుకు, తిండికి ఒక్క పైసా అప్పు చేయలేదు. ఎవరో రైతు ఇచ్చిన బియ్యం, ఎవరో దుకాణదారు ఇచ్చిన జకాత్ మమ్మల్ని చదివించాయి. అబూ యూసుఫ్ (రహ్మలై) పేదరికం వల్ల చదువు మానే పరిస్థితి వచ్చినప్పుడు ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) తన బట్టల వ్యాపారం ఆదాయం నుంచి ఆయన ఇంటి ఖర్చు భరించారని చరిత్రకారులు రాశారు. కాలేజీకి వెళ్ళే పిల్లవాడికి ఆ ఏర్పాటు మనం ఎందుకు చేయలేదు? జకాత్‌కు అర్హుడైన విద్యార్థికి జకాత్ ఇవ్వవచ్చు. తిరిగి ఇవ్వగలిగినవాడికి ఖర్జె హసనా ఇవ్వవచ్చు. ఒక్క వలీమా దావత్ ఖర్చుతో ప్రభుత్వ కళాశాలలో ఎందరు పిల్లలు పట్టా పుచ్చుకోగలరో ప్రతి మస్జిద్ కమిటీ ఒకసారి కూర్చుని లెక్క వేస్తే బాగుంటుంది. అప్పుడు సూద్ హరామ్ అని మేము చెప్పే మాటకు కొంత బరువు ఉంటుంది.

మగ్రిబ్ అజాన్ వినిపించేసరికి ఆ సోదరుడు దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకున్నారు, చించివేయలేదు. కుర్రవాడు లెక్క కాగితాన్ని అడిగి తీసుకున్నాడు. నమాజు తరువాత చెప్పులు వేసుకుంటూ తండ్రి మళ్ళీ వెనక్కి వచ్చారు. "అమ్మాయి మార్కుల మెమో కూడా తెస్తాను మౌల్వీసాబ్, రెండేళ్ళు గ్యాప్ వచ్చింది, చేర్చుకుంటారంటారా?" అని అడిగారు. తెమ్మన్నాము.